గుట్టవార చేను మాది కాదన్న రోజు

మొన్న మా ఊళ్ళో భూముల సర్వే అంటూ డ్రోను ఎగరేస్తే, మా తరం ఆడవాళ్ళమంతా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాం. నాకెందుకో ఆ పూటంతా గుట్టవార చేనే కళ్ళలో మెదిలింది.

తొంభైల చివర్లో నేను కోడలిగా పోయేనాటికే, సోమందేపల్లె దగ్గర ఆ గుట్టవాలును మా మామ సాగులోకి తెచ్చి చాలా ఏళ్ళయింది. అది సర్కారు బంజరు. కంప కొట్టి, రాళ్ళేరి, ఆ రాళ్ళనే చుట్టూ గోడగా పేర్చి, వాన పడ్డా పడకున్నా ఏటా వేరుశెనగ విత్తేవాడు. వరసగా సాగులో ఉంటే ఎప్పటికైనా పట్టా ఇస్తారని ఆయన నమ్మకం. అయితే సర్కారు భూమి దున్నితే జుల్మానా వేస్తారన్న భయంతో, ఏ అధికారి వచ్చి అడిగినా మాది కాదని చెప్పడం అక్కడ ఇంటింటి అలవాటు. ఉప్పుడబ్బా ఎక్కడుందో చూపించిన రోజే మా అత్త నాకు ఆ మాట కూడా నేర్పింది.

కొన్నేళ్ళకు, బంజరు సాగు చేసుకుంటున్న పేదలకే పట్టాలిస్తామని ప్రభుత్వం చెప్పింది. చేలు చూడడానికి అధికారులు వస్తారని మామకు తెలుసు గానీ, అలాంటివి ఆడవాళ్ళతో మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు. ఆయన గొర్రెల బేరానికి ముదిగుబ్బ పోయిన రోజే వాళ్ళొచ్చారు. నేను చంటిబిడ్డతో ఇంట్లో ఉన్నాను, చేలో అత్త ఒక్కతే కలుపు తీస్తోంది. ఈ చేను ఎవరిదమ్మా అని అడిగితే, "మాది కాదు సామీ, నేను కూలికొచ్చినా" అందట. ఎవరి కూలికి అంటే తెలియదందట. వాళ్ళు రాసుకుని పోయారు. జుల్మానా తప్పించానని సాయంత్రం ఆమె ఎంత సంబరంగా చెప్పిందో!

మామ మరునాడే మండలాఫీసుకు పరుగెత్తాడు. సాగుదారు ఎవరూ లేని భూమిగా రాసేశాం, ఇక మా చేతుల్లో లేదన్నారు. పక్క చేల వాళ్ళకు పట్టాలొచ్చాయి. మామ తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేదేమో. "ఆ మాట నీకు నేర్పించింది నేనే గదా" అని మాత్రం అని, అన్నం ముందు నుంచి చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆ తర్వాత కూడా ఆ చేను మేమే విత్తాం. గట్టు మీద ఎవరు కనబడినా, శనక్కాయల వ్యాపారైనా, దారి తప్పిన గొర్రెల కాపరైనా, అత్త నడుం ఎత్తి "ఈ సేను మాదే సామీ, మొదట్నించీ మేమే సేస్తాండాము" అని గట్టిగా చెప్పేది. మొదట్లో నవ్వేదాన్ని, తర్వాత నవ్వు రాలేదు.

ఇప్పటి కోడళ్ళకు సర్వే నంబర్లతో సహా తెలుసు, ఆఫీసుల్లో వాళ్ళే మాట్లాడుకుంటున్నారు, నాకు సంతోషమే. మా అత్తను మాత్రం, ఆమె బతికినన్నాళ్ళూ, ఆ చేను ఎవరిదని మళ్ళీ ఒక్క అధికారీ వచ్చి అడగలేదు.