కోటమ్మ చెట్టుకు పంపిన నీళ్ళు

2022 అక్టోబరు చివరి వారం. నూజివీడు నుంచి రెడ్డిగూడెం వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. లెక్కల టీచరుగా రిటైరైన వరలక్ష్మి గారు పెరట్లో చేపల తొట్టి కట్టించుకోవాలని నన్ను పిలిచారు. నాది భీమవరం దగ్గర పల్లెటూరు. చేపల చెరువుల గట్ల మీద పెరిగి, పెళ్ళయ్యాక నూజివీడు వచ్చి రంగుచేపల దుకాణం పెట్టాను. ఇళ్ళల్లో తొట్లు కట్టించడం, పంపులు బిగించడం, చేపలు వదిలాక ఏడాదిపాటు వాటి బాగోగులు చూడటం నా పని. అప్పటికి పదేళ్ళ అనుభవం. నీళ్ళ గురించి నాకు తెలియనిది లేదనే ధీమాతో ఉన్నాను.

తొట్టి అనగానే అందరూ చెట్టు కిందే చోటు చూపిస్తారు. టీచరు గారూ అదే చేశారు. పొరుగింటి చిన్నరసం మామిడి చెట్టు కొమ్మలు గోడ దాటి సగం ఇటే ఉన్నాయి.

"ఇక్కడైతే చల్లగా ఉంటుంది కదండీ?"

"చేపలకి చల్లగానే ఉంటుందండీ. ఆకు రాలి ఫిల్టరుకి ఊపిరాడదు," అన్నాను.

ఫిల్టరంటే ఒక పెద్ద డ్రమ్ము. లోపల స్పాంజీ, గులకరాళ్ళు ఉంటాయి. పంపు తొట్టి నీళ్ళను అందులోకి తోస్తుంది, మురికి అక్కడ ఆగి మంచి నీళ్ళు తిరిగి తొట్టిలోకి దూకుతాయి. గోడకు బాగా ఇవతలగా, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నానికి నీడ వచ్చే చోట సుద్దతో గీత గీశాను. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. అంతకంటే లోతు తగ్గితే మే నెలలో నీళ్ళు కాగుతాయి.

మిగిలింది డ్రెయిన్ పైపు. వారానికోసారి కొంత పాత నీరు తీసి కొత్త నీరు పెట్టాలి. తీసిన నీరు ఎటు పంపాలా అని చూస్తుంటే గోడ మీదుగా ఒక తల కనిపించింది.

"ఏంటి టీచరమ్మ గారూ, పెరట్లో చెరువు తవ్విస్తున్నారంట? కొంగలకి భోజనాలా?"

ఆమె కోటమ్మ. తోటల్లో కాయ కోసే ముఠాలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తోంది. ఎవరెవరి తోటల్లోనో లెక్కలేనంత కాయ కోసిన మనిషికి సొంతానికి ఉన్నది ఈ ఒక్క చిన్నరసం చెట్టు. ఆ చెట్టు కాయ అమ్మదు. వీధిలో ఇంటింటికీ తనే మోసుకెళ్ళి పంచుతుంది. "ఏడాదంతా నేను కూలిమనిషినే గానీ ఆ పది రోజులూ ఆసామిని," అంటుందట.

"అమ్మా, చెట్టుకి నీళ్ళు కడుతున్నారా?" అని అడిగాను.

"దసరాకే కట్టేశాం బాబూ!"

దసరాకు పెట్టిన నీళ్ళే ఆఖరన్న మాట అనుకున్నాను. పాపం, బోరు లేని ఇల్లు. చేపల నీళ్ళు చెట్లకు మంచి బలం కూడా. ఆమెకు చెప్పకుండానే పైపును గోడ కిందుగా చెట్టు మొదలు వైపు తిప్పించాను. మంచి పని చేశానని ఆ రోజంతా ఉషారుగా ఉన్నాను.

కొత్త సిమెంటు తొట్టిలో వెంటనే చేపలు వేయకూడదు. సున్నం దిగి నీళ్ళు ఘాటెక్కుతాయి. నింపి, కొన్నాళ్ళుంచి, తీసెయ్యాలి. మొదటి రెండు సార్లూ ఆ నీళ్ళు రోడ్డు కాలవలోకి వదిలాను. మూడోసారికి నీళ్ళు శుభ్రమయ్యాయి. నవంబరు చివర ఒక ఉదయం, తొట్టెడు నీళ్ళూ కోటమ్మ చెట్టుకు వదిలాను.

సాయంత్రం పని నుంచి వచ్చిన కోటమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి నేరుగా మా దగ్గరకొచ్చింది.

"ఎవరండీ నా చెట్టుకి నీళ్ళు పెట్టింది?"

"నేనేనమ్మా. మంచి నీళ్ళే."

"మంచి నీళ్ళయితే నువ్వు తాగు! కట్టేశామని చెప్పానా లేదా?"

"కట్టేశాం అంటే... పెట్టేశారనుకున్నాను."

"కుళాయి కట్టెయ్యమంటే తిప్పి వదిలేస్తావా నాయనా?"

టీచరు గారికి నవ్వొచ్చింది గానీ కోటమ్మ కళ్ళు చూసి ఆగిపోయారు. పూతకు ముందు మామిడిని ఎండబెట్టాలని, ఆ దాహంలోనే చెట్టు పూతకు వస్తుందని, అప్పుడు నీళ్ళు తగిలితే పూత మాని చిగురు వేస్తుందని అప్పుడు తెలిసింది నాకు. ఆ మాటకు రెండర్థాలున్నాయని తెలియక కాదు. నీళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి, ఎవరైనా కావాలని నీళ్ళు ఆపుతారన్న ఊహే లేదు. అందుకే రెండో అర్థం నా చెవిన పడలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి కోటమ్మా?" అన్నారు టీచరు గారు.

"బురద తియ్యాలి. ఆరబెట్టాలి. ఆపైన చెట్టు దయ."

ముగ్గురం దిగాం. వేళ్ళకు దెబ్బ తగలకుండా కోటమ్మ చిన్న పారతో తడి మట్టి గీరుతుంటే నేను తట్టకెత్తాను, టీచరు గారు గోడ పక్కన గుమ్మరించారు. "లెక్కలు చెప్పిన చేతులు, బాగానే మోస్తున్నాయే," అని కోటమ్మ ఎగతాళి చేసేసరికి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. కానీ చేతులు కడుక్కుంటూ టీచరు గారు తేల్చి చెప్పారు.

"ఇరవై ఏళ్ళుగా ఆ చెట్టు కాయ తింటున్నానండీ. పూత రాకపోతే నాకు చేపలొద్దు. తొట్టి పూడ్పించేస్తాను."

ఆ ఇంటి కోసం తెప్పించిన పదకొండు కోయి రకం రంగుచేపలు దుకాణంలోనే ఉండిపోయాయి. డిసెంబరంతా ఆ దారిన ఏ పని మీద వెళ్ళినా బండి ఆపి చెట్టు వంక చూసేవాణ్ణి. ఊళ్ళో తోటలన్నీ మొగ్గ తొడిగాయి. కోటమ్మ చెట్టు మాత్రం ఉలకలేదు.

జనవరి మొదటి వారంలో కోటమ్మ ఫోను. "బాబూ, ఒకసారి వచ్చి నీ కొమ్మ చూసుకో." అంతే, పెట్టేసింది.

దుకాణం మూసి బండి తీశాను. వీధి మలుపులోనే పూత వాసన తగిలింది. చెట్టు నిండా పూత, చుట్టూ తేనెటీగల రొద. పైపు మూతికి ఎదురుగా ఉన్న ఒక్క కొమ్మ మాత్రం నిగనిగలాడే ఎర్రటి చిగురు వేసింది.

"అదే నీది. కాయమంటే ఆకేసింది. వేసవిలో నీ వాటా ఆకులే, తోరణాలు కట్టుకో!" అంది కోటమ్మ.

"పద్నాలుగు కొమ్మల్లో పదమూడు పూశాయి. ఫస్టు క్లాసే కోటమ్మా, పాస్ చేసెయ్," అన్నారు టీచరు గారు.

ఆ మధ్యాహ్నమే చేపలు తెచ్చాను. సంచిని అరగంట నీళ్ళ మీద తేల్చి ఉంచాలి. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే చల్లదనానికి వచ్చాకే మూతి విప్పాలి. ఆ అరగంటా కోటమ్మ గట్టున కూర్చుని "ఇంకా ఎంతసేపు?" అని నన్ను తినేసింది. ముడి ఆమె చేతే విప్పించాం. మొదటి చేప ఎర్రగా మెరిసి లోతుకు జారింది. "మా చిగురు రంగే!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

డ్రెయిన్ పైపును టీచరు గారి అరటి మొక్కల వైపు మార్చాను. ఇప్పుడు ఏ ఇంట్లో తొట్టి పని ఒప్పుకున్నా, టేపు పరచకముందే పొరుగింటి తలుపు కొడతాను. మీ చెట్లకు నీళ్ళు పంపనా అని అడగను. ఏ నెలల్లో పంపకూడదో చెప్పించుకుని వస్తాను.