కోని పొలంలో కాడ మీది బుడిపెలు

ఒక పోస్టుకార్డు మీద నేను రాసిన రెండు వాక్యాలను నిలబెట్టుకోవడానికి విజయనగరం నుంచి బిలాస్‌పూర్ దాకా వెళ్లాను. వెళ్లేటప్పుడు ఉన్న గర్వం తిరిగొచ్చేటప్పుడు లేదు. సంగతి ఇది. మా అప్ప భర్త సింహాచలం బావ బిలాస్‌పూర్ లోకోషెడ్డులో ఫిట్టరు. (మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం.) ఊరికి కాస్త అవతల, కోని దగ్గర, రెండేళ్ల కిందట కొంత వరి పొలం కొన్నాడు. ఆషాఢంలో ఒకరోజు ఆయన దగ్గర్నుంచి కవరు వచ్చింది. అందులో ఎండిన కలుపు మొక్క కాడ ఒకటి, దాని పొడవునా గోధుమరంగు పులిపిరికాయల్లాంటి బుడిపెలు. ఇదేం జబ్బో చెప్పమని అడిగాడు. నేను సర్కారు వ్యవసాయ ఫారంలో మేస్త్రీని. వంగి చూసి, ముక్కు చిట్లించి, వెంటనే కార్డు రాసి పడేశాను: "ఇది కాండానికి పట్టిన తెగులు, పీకించి తగలబెట్టండి. దీన్ని చేలో ఉంచుకునేవాడికి సేద్యం తెలియదన్నమాట."

నెల తిరక్కుండా ఇంకో ఉత్తరం వచ్చింది. పొలం చేసే బిసాహు అనే రైతు ఆ మొక్కను పీకనివ్వడం లేదట. తండ్రి నాటి నుంచి ఆ నేల దున్నుతున్నవాడు, పండినదాంట్లో సగం అతనిది. నేను స్వయంగా వచ్చి అతని ముఖం మీద ఒక్క మాట చెబితే, ఈ పంటతో అతన్ని మానిపించి పొలం ఇంకొకడికి ఇచ్చేస్తానని బావ రాశాడు. దాచుకోవడం దేనికి, ఆ ఉత్తరం చదివి నేను సంతోషించాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గాని, నా వైద్యం కోసం అంత దూరం నుంచి పిలుపు వచ్చింది. శ్రావణంలో నాలుగు రోజులు సెలవు పెట్టాను.

ఆ వైపు వెళ్లదలచినవారు విజయనగరంలో మధ్యాహ్నం పాసింజరు పట్టుకోవడం మేలు. రాయపూర్ దాకా కొండల మధ్యనుంచి కొత్తగా వేసిన లైను అది. పార్వతీపురం దాటాక వెలుగుండగానే కొండలు మొదలవుతాయి, వానాకాలంలో వాటి మీద నుంచి కళ్లు తిప్పుకోలేం. తిండి మాత్రం ఇంటి నుంచే కట్టుకెళ్లండి. మా ఆవిడ కట్టిన పులిహోర నన్ను రాయపూర్ దాకా కాపాడింది. పొద్దున్నే రాయపూర్‌లో దిగి, బండి మారి, పదకొండు గంటల వేళకు బిలాస్‌పూర్ చేరాను. ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టగానే వెనకనుంచి ఎవరో "ఏటి, బండి లేటా?" అంటుంటే ఒక్క క్షణం మళ్లీ విజయనగరంలోనే దిగానేమో అనిపించింది. రైల్వే పని కోసం వచ్చి స్థిరపడిన మనవాళ్లు అక్కడ అంతమంది. టాంగావాడు చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చెబుతూ సీపత్ వైపా, బెల్తరా వైపా అని అడిగాడు. షెడ్డు క్వార్టర్లకన్నాను. "అచ్ఛా, తెలుగువాళ్ల లైను!" అని నాలుగణాలకు ఒప్పుకున్నాడు.

"ఏటి అప్పన్నా, సిక్కిపోనావేటి!" అంటూ బావ గుమ్మంలోకి వచ్చి నా చేతిసంచీ అందుకున్నాడు. ఆయన చేతుల్లో నూనె మరకలు ఎప్పటికీ పోవు. అప్ప లోపల్నుంచి, "ముందు కాళ్లు కడుక్కోనివ్వు, ఆ పొలం గొడవ తినీసినాక," అంది. కానీ ముద్ద నోట్లో పెట్టకముందే బావ మొదలుపెట్టాడు.

"నీ కార్డు షెడ్డులో అందరికీ సదివి వినిపించినాను. పైమడిలో కూలోళ్లని ఎట్టి ఆ మొక్కలన్నీ పీకించి కాల్పించినాను. నడిమి మడిలోకి దిగబోతే ఆడు గట్టు మీద అడ్డంగా నిల్చున్నాడు. కార్డు ఆడికే ఇచ్చీసినాను, ఇంట్లో ఎట్టుకుని రోజూ సూసుకో అని."

"ఆడికి తెలుగొచ్చేటి, బావా?"

"రాదు. అయితే ఏటి? సర్కారు ఫారం మనిషి రాసినాడని తెలుస్తాది గదా!"

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం మా బావ. ఆ రోజు మాత్రం ఆయన నాకు చాలా వివేకవంతుడిగా కనిపించాడు.

మర్నాడు బావకు డ్యూటీ లేదు. తెల్లవారి ఆరు గంటలకు టాంగాలో అర్పా నది ఒడ్డుకు చేరాం. ఇసుక నది, వాన పడితే ఉరుకుతుంది, రెండు రోజులు తెరిపి ఇస్తే దిగిపోతుంది. మా అదృష్టం కొద్దీ మోకాలి లోతే ఉంది, అవతలికి పోయే ఎడ్లబండి ఒకటి మమ్మల్ని ఎక్కించుకుంది. అణా ఇస్తే బండివాడు దండం పెట్టాడు. అవతలి ఒడ్డు నుంచి కోని దాటి గట్ల మీద గంట నడక. ఎటు చూసినా నీళ్లు నిలిచిన వరి, మధ్యలో గొడుగులు పట్టుకున్న మేమిద్దరం. చెప్పులు చేతిలోకి తీసుకోవడమే మంచిదని మూడుసార్లు జారాక తెలుసుకున్నాను.

పొలం కనిపించింది. పల్లపు మడిలో ఒక మనిషి ఎడ్లను కట్టి నాగలి దున్నుతున్నాడు. ఖాళీ మడి కాదు, జానెడెత్తు పైగా పెరిగిన పచ్చటి వరి! నాగలి వెనక మొక్కలు పక్కకు ఒరిగి బురదలో పడుతున్నాయి. బావ ఉత్తరం సంగతి విని కడుపు మండి ఈ మనిషి పంటను పాడుచేస్తున్నాడనుకున్నాను. "ఆపు! ఆపవయ్యా!" అని అరుస్తూ గట్టు మీంచి దూకాను. దూకడం వరకే నా చేతిలో ఉంది, తర్వాతిదంతా బురద చూసుకుంది. చతికిలబడేసరికి నడుం దాకా బురదే, గొడుగు ఒకవైపు, నేను ఒకవైపు.

ఎడ్లు ఆగాయి. ఆ మనిషి నాగలి వదిలి వచ్చి నా చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. యాభై దాటిన మనిషి, పొట్టి, తలకు తడి తువ్వాలు. "కా హోగే బాబూ?" అన్నాడు, ఏమైంది అని. ఆయనే బిసాహు.

బావ గట్టు మీద పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "అది బియాసీ, అప్పన్నా! ఇక్కడోళ్లంతా సేసేదే. నీకు సెప్పడం మర్సిపోనాను."

మనవైపు నారు పోసి నాటుతాం. అక్కడ చాలామంది విత్తనం చల్లేస్తారు. నెల దాటాక, చేలో నీళ్లు బాగా నిలిచాక, ఆ నిలిచిన పైరులోనే తేలిగ్గా దున్నుతారు. దాన్ని బియాసీ అంటారు. ఒత్తుగా ఉన్న వరి పలచబడుతుంది, ఒరిగిన మొక్కలు వారంలో తిరిగి లేస్తాయి, కలుపు బురదలో కూరుకుని కుళ్లిపోతుంది. పన్నెండేళ్లుగా రైతులకు సేద్యం నేర్పుతున్న నాకు ఈ మాటే తెలియదు. అప్పుడే కొంచెం తగ్గి ఉండాల్సింది. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా, బురద తుడుచుకుంటూనే, "సరే, ఆ తెగులు మొక్క ఏదీ?" అని హిందీలో అడిగాను.

బిసాహు వంగి, వరిలోంచి ఒక మొక్కను వేళ్లతో సహా పీకి నా చేతిలో పెట్టాడు. "దేఖ్ తో," అన్నాడు. చూడమని.

మోకాలెత్తు మొక్క. చింతాకు లాంటి సన్నటి ఆకులు. మన పెళ్లి బాసికాలకు బెండు ఇచ్చే నీటి జీలుగకు చెల్లెలి వరస అవుతుందని చూడగానే తెలిసింది. దాని పేరేమిటని అడిగితే బిసాహు భుజాలు ఎగరేశాడు. కాడ మీద, నీటి మట్టానికి కిందా పైనా, వరసలుగా బుడిపెలు. కవరులో వచ్చినప్పుడు గోధుమరంగులో, పొక్కుల్లా ఉన్నవి ఇక్కడ నిగనిగలాడే ఆకుపచ్చ. తెగులైతే ఇంత నిగనిగ ఉండదే. జేబులోంచి చాకు తీసి ఒక బుడిపెను అడ్డంగా కోశాను.

లోపల ఎర్రగా ఉంది. అప్పుడే తెగిన వేలిలా, తడిగా, ఎర్రగా. నా బొటనవేలి గోటికి ఆ రంగు అంటింది.

ఆ ఎరుపు నాకు తెలుసు! పిల్లిపెసర వేళ్లను పీకి, బుడిపెలు కోసి, "ఇదిగో, ఈ ఎరుపు ఉంటే పని జరుగుతున్నట్టు" అని ఎన్ని వందలమందికి చూపించానో! ఆ బుడిపెల్లో కంటికి ఆనని సూక్ష్మజీవులు కాపురముంటాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఆహారంగా మార్చి ఇస్తాయి, ఆ మొక్కను దున్నేస్తే నేలకు బలం. పాఠం నాకు కంఠతా వచ్చు. కాకపోతే నా పాఠంలో బుడిపెలు వేళ్ల మీదే ఉండేవి, మట్టి కింద, చీకట్లో. ఇక్కడ కాడ మీద ఉన్నాయి, నీళ్లలో, ఎండలో, అందరి కళ్ల ముందూ. ఊపిరాడని బురదలో వేళ్లు చేయలేని పనిని ఈ మొక్క పైకి తెచ్చి కాడకే కట్టుకుంది కాబోలు. నేను మరో బుడిపె కోశాను, ఇంకోటి కోశాను. అన్నీ ఎరుపే. బురదలో నిలబడి, ఇంత వయసొచ్చినవాణ్ణి, ఏడుపు వచ్చినంత పనైంది. చేతులు జోడించాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

"ఏటయింది?" అన్నాడు బావ గట్టు మీంచి.

"బావా, పైమడికీ నడిమి మడికీ బియాసీ ఎప్పుడు అయింది?"

బావ ఆ మాట హిందీలో అడిగితే, రెంటికీ ఒకే రోజు, పదిహేను రోజుల కిందట అని బిసాహు చెప్పాడు. అవే ఎడ్లు, అదే విత్తనం. తేడా ఒక్కటే. పైమడిలో నా కార్డు చలవ వల్ల మొక్కలు పీకి కాల్చారు, నడిమి మడిలో బిసాహు వాటిని వరి కాళ్ల కిందే దున్నేశాడు. రెండు మళ్ల మధ్య గట్టు మీద నిలబడ్డాను. ఎడమవైపు పైరు పాలిపోయి పసుపు తిరిగి ఉంది. కుడివైపు వరి నల్లటి పచ్చ, గాలికి బరువుగా ఊగుతోంది. మా ఫారంలో ఇలాంటి పరీక్ష పెట్టాలంటే ఎన్ని కాగితాలు రాయాలో! ఇక్కడ నేనే, ఇంట్లో కూర్చుని, ఒక పోస్టుకార్డుతో పెట్టించాను. ఓడిపోయింది నా మడి.

"బావా, నా కార్డు తప్పు," అన్నాను.

బావ నవ్వు మాయమైంది. "అదేటి? తెగులని నువ్వే రాసినావు. షెడ్డంతా సదివినాను. ఇప్పుడు కాదంటే నలుగురిలో నా మొకం ఏటవుద్ది?"

"నా మొకం ఏటవ్వాలో అదే అవుతాది. ముందు ఈ రెండు మళ్లూ సూడు."

బావ గట్టు మీద అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంజను చప్పుడు వింటే జబ్బు ఎక్కడుందో చెప్పే మనిషి. చూసింది అర్థం కాలేదని అనలేడు.

ఈలోగా బిసాహు భార్య ఇంటి నుంచి అన్నం తెచ్చి గంప దించింది. వాళ్లు బాసీ అనేది మన చద్దన్నమే, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. బురద చేతులు కాలవలో కడుక్కుని నలుగురం తిన్నాం. తిన్నాక బిసాహు భార్య కొంగు ముడి విప్పి, ఆకులో చుట్టిన కార్డు తీసి నా ముందు పెట్టింది. మడత పడకుండా దాచారు. ఇది తమ ఇంటికొచ్చిన మొదటి కాగితమని, ఇందులో ఏముందో ఎవరూ తమ భాషలో చదివి చెప్పలేదని, రాసినవాడు వచ్చాడు కాబట్టి చదవమని అడిగింది.

బావ తల తిప్పుకున్నాడు. నేను చదివాను, వచ్చీరాని హిందీలో, ఒక్క మాట కూడా మింగకుండా. ఇది తెగులు. పీకించి తగలబెట్టండి. దీన్ని చేలో ఉంచుకునేవాడికి సేద్యం తెలియదు. దాని తర్వాత, ఇది రాసినవాడికే తెలియదని, పొలం మీది తీర్పు వెనక్కి తీసుకుంటున్నానని కలిపాను.

కోపం కోసం బిసాహు ముఖంలో వెతికాను. అతను ఛత్తీస్‌గఢీలో నెమ్మదిగా అన్న మాటకు అర్థం ఇది: "నీ దగ్గరికి వచ్చేసరికి అది చచ్చిపోయి ఉంటుంది, బాబూ. చచ్చినదాన్ని చూస్తే ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది?"

నా తప్పుకు నాకే తట్టని సాకును, నేను వీధిన పడేయబోయిన మనిషి వెతికి ఇచ్చాడు.

బావ లేచి పంచె దులుపుకున్నాడు. పల్లపు మడివైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు హిందీలో, "అచ్ఛా బిసాహూ, వచ్చే ఏడు పైమడిలో కూడా ఈ మొక్క లేస్తుందా?" అన్నాడు. విత్తనం తాను కాపాడతానన్నాడు బిసాహు. "అయితే వచ్చే ఏడూ నీ ఎడ్లే తోలుకురా," అన్నాడు బావ. బిసాహు భార్య కార్డును మళ్లీ ఆకులో చుట్టి కొంగున ముడేసుకుంది. ఇచ్చేయమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు తిరుగు బండిలో నా తలంతా ఆ ఎరుపే. మనం తినే ప్రతి ముద్దలోనూ కొంత గాలి ఉందని, దాన్ని పట్టి తెచ్చే పనివాళ్లు కంటికి కూడా కనిపించరని నేను ఏళ్ల తరబడి పాఠంలా చెప్పాను. నమ్మింది మాత్రం ఆ మడి బురదలో దిగినప్పుడే. పేరైనా లేని ఆ మొక్కను బిసాహు ఏ పుస్తకమూ లేకుండా కాపాడుకున్నాడు, పుస్తకమున్న నేను కాల్పించాను. ఈ మాట మా ఫారంలో చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వనీ.

చూడాలనుకునేవారికి ఒక్క సలహా. బియాసీ జరిగే శ్రావణంలో వెళ్లండి, జేబులో చాకు పెట్టుకోండి, బుడిపెను అక్కడే, బురదలో నిలబడే కోయండి. మావాళ్లకు చూపిద్దామని నేను నాలుగు కాడలు తడి గుడ్డలో చుట్టి తెచ్చాను. రాయపూర్‌లో బండి మారేటప్పుడు విప్పి ఒకటి కోసి చూశాను. అప్పటికే గోధుమరంగు తిరిగిపోయింది.