లేని కంప్యూటరు క్షేమం

అమలాపురంలో నేనూ మా శ్రీనూ కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన కొత్తలో మాట. ఆఫీసులోని కంప్యూటర్ల బాగోగులు కనిపెట్టే ప్రోగ్రామొకటి విండోస్ కోసం రాశాం. ఓ కొబ్బరి వ్యాపారి తన ఆఫీసు కంప్యూటర్లన్నిటిలో విండోస్ బదులు లినక్స్ పెట్టించుకున్నారు. దాని మీద నడిస్తే కొంటానన్నారు. మా మొదటి బేరం! కష్టపడి మార్చాం.

ఆయన ఎదుటే నడిపించాను. తెర మీద నాలుగు కంప్యూటర్ల పేర్ల పక్కనా పచ్చ దీపాలు వెలిగాయి.

"నాలుగూ బాగున్నట్టేనాండీ?" అనడిగారు.

"ఆయ్, నాలుగూనండి!" అన్నాను గర్వంగా.

"నాలుగోది నిన్ననే రిపేరుకి కాకినాడ పంపించేనండి."

చూస్తే బల్ల మీద దాని చోటు ఖాళీ! శ్రీను తల గోక్కున్నాడు.

"విండోస్‌లో జవాబు రాకపోతే ఎర్ర దీపం వచ్చేదండి. లినక్స్‌కి మార్చేటప్పుడు దాన్నీ పచ్చ చేసేనండి. మొదటిసారి చూసేవారికి ఎరుపు చూపిస్తే మర్యాదగా ఉండదనండి."

ఒళ్లు కాలిపోతున్నా "ఆయ్, బాగానే ఉన్నామండి" అనే ఊళ్లో పుట్టిన ప్రోగ్రాము, ఇంకేం చెబుతుంది?

ఆయన కోప్పడలేదు. మాకు బొండాలు కొట్టించి, గుమ్మం దాకా వచ్చి, "తప్పకుండా కబురు చేస్తానండి" అన్నారు.

అదీ పచ్చ దీపమేనని తెలియక చాన్నాళ్లు ఎదురుచూశాం.