రత్నమ్మ సిస్టర్ తెలుగులో చెప్పిన మాట

ఈ ఉదయం బెంగళూరు కుందలహళ్ళిలో ఓ హోటల్లో పొగలు కక్కే కాఫీ నోటిదాకా వచ్చిందో లేదో, పక్క బల్ల దగ్గర ఓ తెలుగమ్మాయి దోసెల పిండి అయిపోయిందని విని "ఐయామ్ డివాస్టేటెడ్ రా!" అని పకపకా నవ్వింది. సర్వనాశనమైపోయానని దానర్థం. దోసె కోసం! ఆ మాట మొదటిసారి విన్న చోటు గుర్తొచ్చి నాకు కాఫీ సహించలేదు.

అప్పట్లో కాడుగోడి దగ్గర ఓ ఆసుపత్రిలో నేను కొత్తగా చేరిన నర్సుని. ఒంగోలు వైపు నుంచి వచ్చిన రత్నమ్మ సిస్టర్ ఐసీయూకి పెద్దదిక్కు. యూనిఫామ్ గంజిపెట్టి ఇస్త్రీ చేసుకునేది. మాటా అంతే బిరుసు. తెలుగువాళ్లెవరొచ్చినా డాక్టరు మాట వాళ్లకు విడమరిచి చెప్పే పని మాదే.

ఒకరోజు దొడ్డబళ్ళాపురం నుంచి ఓ నేతగాణ్ణి తెచ్చారు. బైకు మీంచి పడ్డాడు. "డివాస్టేటింగ్ బ్రెయిన్ డ్యామేజ్" అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. మరమగ్గాలు బాగుచేసే అతని తమ్ముడు చివరి మాట పట్టుకుని సిస్టర్‌ని అడిగాడు.

"డ్యామేజీ అంతే గదక్కా? మగ్గం డ్యామేజీ అయితే పార్టు మారుస్తాం. దానికేముండాది!"

భార్య ముఖం తేటపడింది. "తుమకూరు హాస్టల్లో బిడ్డకు పరీక్షలుండాయి. ఈయన లేచినాక చెప్తాం."

రత్నమ్మ సిస్టర్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, డాక్టరు గారన్నది బాగయ్యే దెబ్బ గురించి కాదు. మెదడు మొత్తం పాడైపోయింది. ఇంక లెగడు. పాపని ఇప్పుడే పిలిపించండి."

"నీ నోరు పడిపోనూ!" అంటూ ఆమె సిస్టర్‌ని భుజం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. సిస్టర్ కదల్లేదు. తమ్ముడు ఏడుస్తూనే ఫోన్ తీశాడు.

తర్వాత నాకు ఉక్రోషమొచ్చి, "అంత కటువుగా చెప్పాలా సిస్టర్?" అన్నాను.

"ఇంగ్లీషులో వదిలేస్తే మనకి తేలికే. ఆ పిల్లకో?"

సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. తండ్రి చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. చెవిలో ఏదో చెప్పుకుంది. తెల్లారేసరికి ఆయన పోయాడు. వెళ్లేటప్పుడు ఆ ఇల్లాలు సిస్టర్ వైపు చూడనైనా లేదు.

కొన్నేళ్లకు సిస్టర్‌కి కాలేయం పాడైంది. ఇంట్లోవాళ్లంతా తగ్గిపోతుందనేవారు. నేను చూడబోతే అందర్నీ బయటికి పంపేసి, "నువ్వు చెప్పవే" అంది.

"ఇక తగ్గదు సిస్టర్."

ఏళ్లుగా తనతో మాటల్లేని చెల్లెల్ని పిలిపించమంది. చెల్లెలు వచ్చేసరికి ఆమెకింకా తెలివుంది. ఇద్దరూ మాట్లాడుకున్నారు.

ఇప్పుడు ఐసీయూలో ఆ మాట తెలుగులో చెప్పేది నేనే. తిట్లు పడ్డాను, దెబ్బలూ తిన్నాను. అలా చెప్పిన రోజు నాకు ముద్ద దిగదు. సిస్టర్‌కి దిగేదో లేదో ఎన్నడూ అడగలేదు.