ముందు వరుసలో ఎర్ర తువ్వాలు

మా ఊరి జమీందారుగారి పాత మేడలో, రెక్కలున్న సున్నపు బొమ్మల కింద, ఏటా దసరాకి కచేరీలు పెడతారు. మేడకి కాపలా ఉండే తాతగారు పొద్దున్నే ముందు వరుసలో ఒక కుర్చీ మీద తన ఎర్ర తువ్వాలు పరిచేవారు. బస్సులో సీటులాగే, తువ్వాలు వేసిన కుర్చీని ఎవరూ ముట్టుకోరు.

"ఎవరిదండీ?" అని అడిగితే, "పెద్దాయన గారిదండి, దారిలో ఉన్నారు" అనేవారు. వీణ మొదలవగానే తువ్వాలు దులిపి తానే కూర్చునేవారు.

హాలు ఊడ్చే నేను గుమ్మం పక్కన నిలబడి వినేదాన్ని. ఒక ఏడాది తువ్వాలు దులిపి, తాను కూర్చోకుండా నన్ను పిలిచి, "ఏంటమ్మా ఆ నుంచోడం? చీపురు కుర్చీ కిందకి తోసేసి కూర్చో" అన్నారు. పెద్దాయన గారి తాలూకు మనిషిననుకున్నారేమో, పక్కనున్న ఆఫీసరుగారు లేచి నాకు నమస్కారం పెట్టారు. తాతగారు మీసాల్లో నవ్వుకుంటూ కచేరీ అంతా గుమ్మం దగ్గరే విన్నారు.

ఈ దసరాకి ఆయన లేరు. పొద్దున్నే వెళ్లి తువ్వాళ్లు నేనే పరిచాను, రెండు కుర్చీల మీద.