వెన్నులో పడ్డ ముడి

మా చిన్నమ్మ సరస్వతమ్మకు ముడి కనబడితే చేయి ఊరుకోదు. కిరాణా పొట్లం దారమైనా సరే, తెంపనివ్వదు. గోటితో విప్పి, చుట్టచుట్టి దాస్తుంది. ఎమ్మిగనూరులో నలభై ఏళ్లుగా గుంటమగ్గం మీద చీరలు నేస్తోంది. చేతులు అడ్డపోగు వేసే నాడెను ఆడిస్తుంటే, కాళ్లు గుంటలో పలకలు తొక్కుతుంటాయి. "నాకు అన్నం పెట్టేది ఈ కాళ్లే" అంటుంది.

మొన్న ఆదోనిలో ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. తోడు నేనే. నొప్పి తెలియకుండా మందు ఎక్కించడానికి మత్తు డాక్టర్ మేఘన ఆమె వెన్నులో దారమంత గొట్టం పెట్టింది. మూడో రోజు పొద్దున దాన్ని తీయబోతే రాలేదు. కాస్త లాగితే సాగింది, అంతే. డాక్టర్ చెయ్యి ఆపేసింది.

"లోపల ముడి పడినట్టుంది. చాలా అరుదు. నేను చదవడమే గానీ చూడలేదు" అంది.

నాకు భయమేసింది. చిన్నమ్మకు మాత్రం హుషారొచ్చింది.

"ఏం ముడి?"

"బయటికొస్తేగానీ తెలీదమ్మా."

"తెగితే?"

"ముక్క లోపలే ఉండిపోతుంది. నరాన్ని నొక్కిందంటే కాలికి తిమ్మిరి రావచ్చు, పట్టు తగ్గొచ్చు. అప్పుడు మళ్లీ ఆపరేషన్ చేసి తీయాలి."

కాలు అనగానే చిన్నమ్మ ముఖం పాలిపోయింది. దుప్పటి మీంచే మోకాలు తడుముకుంది. తర్వాత మెల్లగా అంది: "బిగిసిన పోగును లాగితే తెగుతాదమ్మా. వదులు సేయల్ల. అది పెట్టేటప్పుడు నన్నెట్ల కూసోబెట్టినావో అట్లే కూసోబెట్టు. పోయిన దోవనే రావల్ల."

మేఘన నవ్వింది. పుస్తకాల్లోనూ అదే రాశారట. బడి ముఖం చూడని మా చిన్నమ్మ ఆ పేజీ ఎప్పుడు తిరగేసిందో నాకు తెలీదు.

"సంధ్యా, నా భుజాలు పట్టుకో" అని వీపు వంచి కూర్చుంది. "కాల్లో జివ్వుమంటే వెంటనే చెప్పండి" అంది డాక్టర్. జివ్వుమనలేదు. గొట్టం వెంట్రుకవాసి చొప్పున జారుతూ జారుతూ మొత్తం వచ్చేసింది. కొసన నువ్వుగింజంత ముడి.

డాక్టర్ దాన్ని అపురూపంగా ట్రేలో పెట్టింది. "ముట్టుకోవద్దు. ఫొటో తీసి మా ప్రొఫెసర్‌కి చూపించాలి" అని ఫోన్ కోసం వెళ్లింది. నేను మంచినీళ్లకు వెళ్లాను. ఇద్దరం ఒకేసారి తిరిగొచ్చాం. ట్రేలో గొట్టం తిన్నగా పడుకుని ఉంది.

"ముడేదమ్మా?"

"ఇప్పేసినా. సులువుదే."

డాక్టర్ గట్టిగా ఏదో అనబోయి ఆగింది. దుప్పటి కింద చిన్నమ్మ పాదాలు, ఆమెకే తెలియకుండా, ఒకదాని తర్వాత ఒకటి లేని పలకలను తొక్కుతున్నాయి. మేఘన ఫోన్ దించేసి వాటినే చూస్తూ నిలబడింది.

ఆమెకు కోపం వచ్చిందనుకుంది చిన్నమ్మ. "బాధపడొద్దు తల్లీ. కావల్లంటే అట్లాంటిదే ఇంగోటి ఏసిస్తా" అంది.