గోడకు మేకు కొట్టని చిన్నాయన

మొన్న పొద్దున రాజోలు నుంచి ఫోను. చిన్నాయన పోయారని ఆయన కొడుకు చెప్పాడు. చేతిలోని బియ్యం చాట పక్కన పెట్టేశాను.

రక్తసంబంధం కాదు, వరస కలుపుకుని పిలిచేదాన్ని. ఆయనది కోనసీమ, నాది రాయచోటి పక్క పల్లె. కువైట్‌లో అహ్మది దగ్గర ఒకే ఇంట్లో ఆయన డ్రైవరు, నేను పనిమనిషిని. అంతకుముందు ఆయన ఆఫ్రికాలో, మలావీ దేశపు పల్లెలో, ఒక గుజరాతీ సేటు దుకాణంలో పనిచేశారు. ఆసియా వాళ్ళు పల్లెల్లో వ్యాపారం చెయ్యకూడదని అక్కడి సర్కారు చెప్పడంతో అన్నీ వదిలి రావలసి వచ్చింది. లారీ ఎక్కుతుంటే వీధిలో ఎవరో "దొంగలు" అని అరిచారట. ఆ మాట ఆయన మరిచిపోలేదు.

అందుకేనేమో కువైట్‌లో ఉతికిన చొక్కా కూడా మంచం కింద పెట్టెలోకే వెళ్ళేది.

"ఏంది చిన్నాయనా, గోడకొక మేకు కొట్టి తగిలించుకోరాదా?" అని ఏడిపించేదాన్ని.

"మనది కాని గోడకి మేకు కొట్టకూడదే అమ్మాయ్" అనేవారు.

ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఆగస్టులో మా మామా, అదే ఇంటి యజమానురాలు, కుటుంబంతో సెలవులకు వేరే దేశం వెళ్ళి ఉంది. మా పాస్‌పోర్టులు ఆమె చెక్క బీరువాలో, తాళం వేసి ఉన్నాయి. అవి లేనిదే సరిహద్దు దాటలేం. ఊళ్ళో నా బిడ్డకు రెండేళ్ళు. రోజూ పోరేదాన్ని.

"మన పాస్‌పోర్టు మనం తీసుకుంటే దొంగతనమెట్లయితాది?"

"బీరువా వాళ్ళది కదే."

బయట తుపాకులు, లోపల ఈ మొండిమనిషి. ఎటూ కదలలేక నెల దాటింది. ఎండిన రొట్టె నీళ్ళలో నానబెట్టుకుని తినేవాళ్ళం. కోపంతో నేను మాట్లాడకపోయినా పెద్ద ముక్క నా వైపే జరిపేవారు.

ఒక మధ్యాహ్నం పక్కింటి వంటమనిషి వచ్చి, జోర్డాన్ వైపు బస్సు వెళ్తోందని, మళ్ళీ ఉంటుందో లేదో తెలియదని చెప్పాడు. చిన్నాయన సుత్తి తెచ్చి తాళం పగలగొట్టారు. లోపల మామా బంగారం. దానివైపు కన్నెత్తి చూడలేదు. రెండు పాస్‌పోర్టులు తీసుకుని, తలుపు మూసి, దానికి మేకులు కొట్టడం మొదలుపెట్టారు.

"బస్సు పోతాది చిన్నాయనా!"

"ఆగవే. తెరిచెట్టి ఎల్తే రేపు మనల్నేవంటారు?"

బస్సు అందింది. నా బిడ్డ నా చేతికొచ్చింది. ఆ రోజు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఫోను పెట్టేసే ముందు కొడుకు ఇంకో సంగతి చెప్పాడు. సొంత ఇల్లు కట్టుకుని అన్నేళ్ళయినా ఆయన గది గోడకు ఒక్క మేకూ లేదట. ఇప్పుడు ఆయన ఫోటో తగిలించడానికి చోటు లేక, మంచం కింద పెట్టె బయటికి లాగి, సర్దిన బట్టలు సర్దినట్టే ఉంచి, దాని మీద నిలబెట్టి దండ వేశారట.